ఎం87 ఫొటో వెనక గడియారాల లెక్క: 2017 ఈహెచ్‌టీ పరిశీలనపై కేస్ స్టడీ

2019 ఏప్రిల్ 10న ఎం87 గెలాక్సీ నడిబొడ్డున ఉన్న బ్లాక్ హోల్ ఫొటో బయటికి వచ్చినప్పుడు అందరూ ఆ నారింజ రంగు రింగు గురించే మాట్లాడుకున్నారు. కొన్నాళ్ళకు ఇమేజింగ్ అల్గారిథంల మీద చర్చ మొదలైంది. నా వృత్తి టైమింగ్, ఫ్రీక్వెన్సీ వైపు కాబట్టి నా దృష్టి వేరే చోటికి పోయింది. చిలీ ఎడారిలో ఒకటి, హవాయి కొండ మీద ఒకటి, స్పెయిన్‌లో ఒకటి ఉన్న టెలిస్కోపులు, మధ్యలో ఏ తీగా లేకుండా, 230 గిగాహెర్ట్జ్ దగ్గర ఒకదానితో ఒకటి ఫేజ్ (తరంగం తన చుట్టులో ఏ దశలో ఉందన్నది) ఎలా కలుపుకున్నాయి?

ఈ క్యాంపెయిన్‌లో నేను పని చేయలేదు. ఆ ఫొటో తీసిన ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ (ఈహెచ్‌టీ) బృందం అచ్చు వేసిన పేపర్లు దగ్గర పెట్టుకుని, మా పనిలో రోజూ వేసే లెక్కలతో ఆ వ్యవస్థను గడియారాల వైపు నుంచి విప్పి చూశాను. తేలింది ముందే చెప్తాను. ఆ ప్రయోగంలో అటామిక్ క్లాక్ నుంచి నిజంగా కావలసింది కొన్ని సెకన్ల పాటు చలించని ఫేజ్, అంతే. మిగతా టైమింగ్ బరువంతా జీపీఎస్, కోరిలేటర్ (స్టేషన్ల రికార్డులను కలిపే కంప్యూటర్), క్యాలిబ్రేషన్ (తప్పులు కొలిచి దిద్దడం) మోశాయి. ఆ కొన్ని సెకన్లను సాగదీయడం కుదరదని ముందే ఒప్పుకుని, డబ్బునీ శ్రమనీ బ్యాండ్‌విడ్త్ (ఒకేసారి రికార్డు చేసే ఫ్రీక్వెన్సీల వెడల్పు) మీద పెట్టారు. నా దృష్టిలో ఈ ప్రయోగంలో అన్నిటికంటే గొప్ప ఇంజనీరింగ్ నిర్ణయం అదే.

సమస్య ఎంత పెద్దది

ఎం87 మనకు సుమారు 5.5 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. చివరికి కొలిచిన రింగు వ్యాసం 42 మైక్రో ఆర్క్‌సెకన్లు, అటూ ఇటూ 3. ఒక డిగ్రీలో 3,600 ఆర్క్‌సెకన్లు ఉంటాయి. అందులో ఒక ఆర్క్‌సెకనును పది లక్షల ముక్కలు చేస్తే అలాంటివి 42. టెలిస్కోప్ విడదీసి చూడగలిగే కోణం, తరంగదైర్ఘ్యాన్ని డిష్ వ్యాసంతో భాగిస్తే వస్తుంది. 1.3 మిల్లీమీటర్ల తరంగానికి 10,700 కిలోమీటర్ల వ్యాసం ఉంటే 25 మైక్రో ఆర్క్‌సెకన్లు వస్తుంది. అంత డిష్ కట్టలేం. అంత దూరంలో ఉన్న రెండు టెలిస్కోపుల సిగ్నళ్ళను కలిపితే మాత్రం, ఆ జంట వరకు అంత పదును వస్తుంది. 2017లో ఎం87ను చూసిన అతి పొడవైన బేస్‌లైన్ (రెండు టెలిస్కోపుల మధ్య దూరం) అదే, సుమారు 10,700 కిలోమీటర్లు.

రెండు సిగ్నళ్ళను కలపడం మనకు కొత్త కాదు. పుణె దగ్గర ఖొడద్‌లో ఉన్న జీఎంఆర్‌టీ చేసేది అదే: 45 మీటర్ల డిష్‌లు 30, సుమారు 25 కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంటాయి. అక్కడ అన్ని డిష్‌లకూ ఒకే చోటి నుంచి ఫైబర్ మీద రిఫరెన్స్ (గడియారం సిగ్నల్) వెళ్తుంది. ఆ రిఫరెన్స్ కొంచెం జరిగినా అన్ని డిష్‌లలో కలిసి జరుగుతుంది కాబట్టి తేడా తీసినప్పుడు కొట్టుకుపోతుంది. హవాయికీ స్పెయిన్‌కీ మధ్య ఆ సౌకర్యం లేదు. ప్రతి స్టేషన్‌లో దాని సొంత గడియారం ఉండాలి. సిగ్నల్‌ను ఆ గడియారం ఆధారంగా రికార్డు చేసి, నెలల తర్వాత వేరే దేశంలో ఇంకో స్టేషన్ రికార్డుతో కలపాలి. అప్పుడు ఒక గడియారం చలనం ఇంకో గడియారం చలనంతో కొట్టుకుపోదు. రెండూ కూడుతాయి.

1967లో రుబీడియం ఎందుకు సరిపోయింది

ఈ పద్ధతితో మొదటి విజయం కెనడాది. 1967 ఏప్రిల్ 17 ఉదయం, బ్రిటిష్ కొలంబియాలోని పెంటిక్టన్ దగ్గరున్న డొమినియన్ రేడియో ఆస్ట్రోఫిజికల్ అబ్జర్వేటరీలోనూ, అక్కడికి 3,074 కిలోమీటర్ల దూరంలో ఒంటారియోలో ఉన్న ఆల్గొంక్విన్ రేడియో అబ్జర్వేటరీలోనూ ఒకేసారి రికార్డు చేశారు. ఫ్రీక్వెన్సీ 448 మెగాహెర్ట్జ్. టీవీ స్టూడియోల్లో వాడే టేపు రికార్డర్లు, రెండు చోట్లా రుబీడియం అటామిక్ గడియారాలు. ఆ టేపులు కలిపితే ఫ్రింజ్‌లు (రెండు సిగ్నళ్ళూ ఫేజ్ కలిశాయని చూపే గుర్తు) వచ్చాయి. అదే ఏడాది అమెరికాలో గ్రీన్ బ్యాంక్, మేరీలాండ్ పాయింట్ మధ్య 220 కిలోమీటర్ల బేస్‌లైన్ మీద కంప్యూటర్ టేపుతో ఇంకో బృందం సాధించింది.

ఆనాడు అంత బాగా పని చేసిన రుబీడియం 2017లో ఎందుకు పనికిరాదో చూస్తే ఈ రంగంలో గడియారం పాత్ర మొత్తం అర్థమవుతుంది. మేం వాడే లెక్క చిన్నది. గడియారం ఎంత కాలానికి ఎంత చలిస్తుందో చెప్పే అలన్ డీవియేషన్ తీసుకుని, దాన్ని ఆ కాలంతోనూ, పరిశీలించే ఫ్రీక్వెన్సీతోనూ, 2π తోనూ గుణిస్తే, ఆ వ్యవధిలో ఫేజ్ ఎన్ని రేడియన్లు (ఒక రేడియన్ సుమారు 57 డిగ్రీలు) తిరిగిపోతుందో సుమారుగా తెలుస్తుంది. అది ఒక రేడియన్‌కు బాగా తక్కువ ఉంటే సిగ్నల్ నిలుస్తుంది. దాటితే సగటు తీసే కొద్దీ సిగ్నల్ తనను తానే చెరిపేసుకుంటుంది.

మంచి రుబీడియం గడియారం 10 సెకన్ల మీద లక్ష కోట్లలో ఒక వంతు స్థిరంగా ఉంటుందనుకుందాం. 448 మెగాహెర్ట్జ్ దగ్గర ఫేజ్ చలనం 0.03 రేడియన్, రెండు డిగ్రీలు కూడా లేదు. 1,400 మెగాహెర్ట్జ్ దగ్గర 0.09. దిగులు లేదు. అదే గడియారాన్ని 230 గిగాహెర్ట్జ్ దగ్గర పెడితే 14 రేడియన్లు దాటుతుంది, అంటే పది సెకన్లలో ఫేజ్ రెండు చుట్లకు పైగా తిరిగేస్తుంది. గడియారం చెడ్డదైపోలేదు. దాని మీద మోపిన ఫ్రీక్వెన్సీ 500 రెట్లు పెరిగింది, అంతే.

అటామిక్ క్లాక్ గురించి రాసే ప్రతి చోటా ‘కోటి సంవత్సరాలకు ఒక్క సెకను తేడా’ లాంటి మాట కనిపిస్తుంది. ఈ పనికి ఆ మాట వల్ల ఉపయోగం లేదని నేను గట్టిగా అంటాను. కోలాటంలో ఒకరు అర మాత్ర ఆలస్యంగా మొదలెట్టినా, నడక నిలకడగా ఉంటే జంట కర్ర వేసేవాళ్ళు ఆ తేడా పసిగట్టి సర్దుకుంటారు. నడకే తడబడితే ఎవరూ సర్దలేరు. స్టేషన్ గడియారం యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) ఐదు మైక్రోసెకన్లు ముందున్నా, రోజుకు కొన్ని నానోసెకన్లు జరుగుతున్నా కోరిలేటర్‌లో దిద్దుకోవచ్చు. ఈ పది సెకన్లలో అది ఊహించలేని విధంగా ఊగితే దిద్దడానికి ఏమీ మిగలదు. కచ్చితత్వం వేరు, స్థిరత్వం వేరు. మనకు కావలసింది రెండోది, అదీ చాలా తక్కువ వ్యవధికి.

హైడ్రోజన్ మేసర్

ఆ వ్యవధికి సరిగ్గా సరిపోయే యంత్రం హైడ్రోజన్ మేసర్. 1960లో హార్వర్డ్‌లో నార్మన్ రామ్సే, డేనియల్ క్లెప్నర్, మార్క్ గోల్డెన్‌బర్గ్ దీన్ని తయారు చేశారు. పని చేసే తీరు వినడానికి సులువే. హైడ్రోజన్ అణువులను రేడియో డిశ్చార్జ్‌తో విడగొట్టి పరమాణువులు చేస్తారు. అయస్కాంతం గుండా పంపితే ఎక్కువ శక్తి స్థితిలో ఉన్నవి మాత్రమే ముందుకు వెళ్తాయి. అవి లోపల టెఫ్లాన్ పూత ఉన్న క్వార్ట్జ్ గోళంలోకి చేరి, సుమారు ఒక సెకను పాటు గోడలకు తగులుతూ తిరుగుతాయి. టెఫ్లాన్ వల్ల ఆ తాకిడికి వాటి స్థితి పెద్దగా చెదరదు. చుట్టూ ఉన్న మైక్రోవేవ్ కావిటీలో అవి సెకనుకు 142 కోట్ల 4 లక్షల 5 వేల 751 సార్లు ఊగే సిగ్నల్‌ను వాటంతట అవే నిలబెడతాయి. గెలాక్సీల్లో హైడ్రోజన్ మేఘాల నుంచి రేడియో టెలిస్కోపులకు అందే 21 సెంటీమీటర్ల రేఖ కూడా ఇదే. బయటికొచ్చే పవర్ అత్యల్పం, అందుకని ఒక మంచి క్వార్ట్జ్ ఆసిలేటర్‌ను దానికి లాక్ చేసి, 5 లేదా 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్‌గా బయటికి తీస్తారు.

అబ్జర్వేటరీల్లో వాడే మంచి మేసర్ల స్థిరత్వం సుమారుగా ఇలా ఉంటుంది: ఒక సెకను మీద 1.5×10⁻¹³, పది సెకన్ల మీద 2×10⁻¹⁴, వంద సెకన్ల మీద 5×10⁻¹⁵. పై లెక్కలో వీటిని పెడితే 230 గిగాహెర్ట్జ్ దగ్గర వరుసగా 0.22, 0.29, 0.72 రేడియన్లు వస్తాయి. ఒకటి నుంచి పది సెకన్ల దాకా ఫేజ్ దాదాపు నిలబడే ఉంది. పది సెకన్ల సగటులో గడియారం వల్ల పోయే సిగ్నల్ 4 శాతం చుట్టూ ఉంటుంది. వంద సెకన్లకు వచ్చేసరికి నష్టం 20 శాతం దాటుతుంది. 2017 నాటికి ఈహెచ్‌టీ స్టేషన్లన్నీ మేసర్ మీదే నడిచాయి.

ఇందులో ఆల్మా కథ విడిగా చెప్పుకోవాలి. చిలీలో 5,000 మీటర్ల ఎత్తున ఉన్న ఆల్మాలో 66 యాంటెన్నాలు ఉన్నాయి. ప్రపంచంలో అంత సున్నితమైన మిల్లీమీటర్ టెలిస్కోప్ ఇంకొకటి లేదు. అయినా అక్కడ మొదట్లో ఉన్నది రుబీడియమే. అది లోపం కాదు. జీఎంఆర్‌టీ లాగానే యాంటెన్నాలన్నీ ఒకే రిఫరెన్స్ పంచుకుంటాయి కాబట్టి ఆ గడియారం ఊగినా వాళ్ళ ఫొటోలకు నష్టం లేదు. ఖండాలు దాటి వేరే గడియారంతో కలవాలన్నప్పుడే అది సరిపోదు. అందుకని 2014లో అక్కడ హైడ్రోజన్ మేసర్ పెట్టి, యాంటెన్నాల సిగ్నళ్ళన్నిటినీ ఫేజ్ కలిపి ఒకే సిగ్నల్‌గా కూడే ఏర్పాటు చేశారు. 2017 ఏప్రిల్‌లో 12 మీటర్ల డిష్‌లు 37 అలా కలిశాయి. వైశాల్యం లెక్కలో అది 73 మీటర్ల ఒకే డిష్‌తో సమానం.

మేసర్ నుంచి రిసీవర్ దాకా

గడియారం కొనడంతో పని అయిపోదు. నాలాంటి వాళ్ళ సమయం ఎక్కువగా పోయేది మేసర్ వెనక ప్యానెల్ నుంచి రిసీవర్ దాకా ఉన్న దారి మీదే. 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్‌ను రిసీవర్‌లోని లోకల్ ఆసిలేటర్ 220 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలకు తీసుకెళ్తుంది, అంటే 22,000 రెట్లు. ఫ్రీక్వెన్సీతో పాటు ఫేజ్ తప్పు కూడా 22,000 రెట్లు అవుతుంది. ఫేజ్ నాయిజ్ భాషలో దాదాపు 87 డెసిబెల్స్ పెంపు.

ఇంకో రకంగా చూద్దాం. 230 గిగాహెర్ట్జ్ తరంగం ఒక చుట్టు తిరగడానికి 4.3 పికోసెకన్లు పడుతుంది. కేబుల్‌లో ఆలస్యం ఒక్క పికోసెకను మారితే ఫేజ్ 83 డిగ్రీలు తిరుగుతుంది. ఒక పికోసెకను అంటే మామూలు కేబుల్‌లో ఒక మిల్లీమీటర్‌లో ఐదో వంతు పొడవు. ఎండకు కేబుల్ వేడెక్కి అంత సాగడం, చల్లబడి కుంచించుకోవడం చాలా తేలిక. గదిలో ఏసీ ఆగి మళ్ళీ మొదలయ్యే చక్రం కూడా ఫేజ్ ప్లాట్‌లో అలలా కనిపిస్తుంది. నెమ్మదిగా వచ్చే అల అయితే తర్వాత తీసేయొచ్చు. ఒక కనెక్టర్ వదులై క్షణానికోసారి తగులుతూ ఉంటే ఆ రాత్రి డేటా పోయినట్టే. అందుకే మేసర్ గదిలో ఉష్ణోగ్రత నిలకడగా ఉంచుతారు, కంపనం తగలకుండా చూస్తారు, ఇనుప సామాను దాని దగ్గర కదపనివ్వరు. లోపల అయస్కాంత కవచాలు ఉన్నా సరే, బయటి అయస్కాంత క్షేత్రం మారితే దాని ఫ్రీక్వెన్సీ సన్నగా కదులుతుంది.

మేసర్ బాగుందో లేదో చెప్పడానికి ఇంకో గడియారం కావాలి, ఒక్కదాన్నే పెట్టుకుని చెప్పలేం. కొండ మీద రెండో మేసర్ ఉండదు. మా పనిలో సాధారణంగా చేసేది, తక్కువ వ్యవధిలో మేసర్‌తో పోటీ పడగల మంచి ఓవెన్ క్వార్ట్జ్ ఆసిలేటర్‌ను పక్కన పెట్టి, సెకన్ల స్థాయి తేడాను చూడటం. గంటలు, రోజుల స్థాయికి జీపీఎస్ చాలు.

జీపీఎస్ పాత్ర ఇదీ: దాని రిసీవర్ ఇచ్చే సెకను పల్స్‌కూ మేసర్ నుంచి పుట్టే సెకను పల్స్‌కూ మధ్య తేడాను కౌంటర్ రోజంతా రికార్డు చేస్తుంది. జీపీఎస్ పల్స్ పది నానోసెకన్ల స్థాయిలో అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి సెకన్ల లెక్కకు అది పనికిరాదు. ఒక రోజు, అంటే 86,400 సెకన్లు చూస్తే మాత్రం 10⁻¹³ స్థాయి ఫ్రీక్వెన్సీ తేడా బయటపడుతుంది. మేసర్ తక్కువ వ్యవధిని చూసుకుంటుంది, జీపీఎస్ ఎక్కువ వ్యవధిని చూసుకుంటుంది. ఏ సెకను ఏదో చెప్పేది కూడా జీపీఎస్సే. రికార్డర్ టైమ్ స్టాంపు ఒక్క సెకను తప్పితే, ప్రపంచంలోని ఏ మేసరూ ఆ స్టేషన్‌ను కాపాడలేదు. కరెంటు పోయి వచ్చాక ఈ చెకింగ్ మళ్ళీ చేయడం ఏ స్టేషన్‌లోనైనా మొదటి పని.

సెకన్లు పెరగవు కాబట్టి గిగాహెర్ట్జ్ పెంచారు

ఇంటర్‌ఫెరోమెట్రీలో సిగ్నల్ నాయిజ్ పైకి తేలే తీరు, బ్యాండ్‌విడ్త్‌నూ సగటు తీసే కాలాన్నీ గుణించగా వచ్చిన దాని వర్గమూలం మీద ఆధారపడుతుంది. బలహీనమైన సోర్స్ కావాలంటే ఎక్కువసేపు సగటు తీయాలి, లేదా ఎక్కువ బ్యాండ్‌విడ్త్ తీసుకోవాలి. 1967లో బ్యాండ్‌విడ్త్ 4 మెగాహెర్ట్జ్ మాత్రమే, కానీ 448 మెగాహెర్ట్జ్ దగ్గర నిమిషాల తరబడి సగటు తీసే వీలుంది. 230 గిగాహెర్ట్జ్ దగ్గర ఆ వీలు లేదు. దానికి కారణం మేసర్ కంటే ఎక్కువగా మన తల మీద ఉన్న గాలి. గాలిలోని నీటి ఆవిరి కదిలే కొద్దీ తరంగం దారి మారుతుంది. 1.3 మిల్లీమీటర్ల తరంగానికి దారి 0.1 మిల్లీమీటర్ మారితే ఫేజ్ 28 డిగ్రీలు తిరిగిపోతుంది. మంచి పొడి రాత్రుల్లో కూడా ఈ ఫ్రీక్వెన్సీ దగ్గర ఫేజ్ కొన్ని సెకన్ల నుంచి కొన్ని పదుల సెకన్ల వరకే నిలుస్తుంది. ఈ టెలిస్కోపులన్నీ ఎత్తయిన కొండల మీద ఉండటానికి కారణం ఇదే: స్పెయిన్‌లోని ఐరామ్ టెలిస్కోప్ 2,850 మీటర్లు, హవాయిలోని రెండూ 4,100, మెక్సికోలోని ఎల్‌ఎంటీ 4,600, చిలీలోని ఆల్మా, అపెక్స్ 5,000 చుట్టూ.

గాలిని మార్చలేం కాబట్టి గడియారాన్ని ఇంకో పది రెట్లు మెరుగుపరిచినా ఈ సెకన్లు పెరగవు. అంటే మిగిలింది బ్యాండ్‌విడ్త్. 2017లో ఒక్కో స్టేషన్ రెండు గిగాహెర్ట్జ్ వెడల్పున్న రెండు బ్యాండ్లను, రెండు పోలరైజేషన్లలో, రెండు బిట్‌లతో రికార్డు చేసింది. లెక్క కడితే: రెండు గిగాహెర్ట్జ్‌కు సెకనుకు 400 కోట్ల శాంపిళ్ళు, ఒక్కోటి రెండు బిట్‌లు, అంటే 8 గిగాబిట్‌లు, అలాంటి ప్రవాహాలు నాలుగు, మొత్తం సెకనుకు 32 గిగాబిట్‌లు. రికార్డర్ ఆగకుండా తిరిగితే గంటకు 14 టెరాబైట్లు దాటుతుంది.

రెండు గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను పది సెకన్లు సగటు తీస్తే నాయిజ్ రెండు లక్షల రెట్లు తగ్గుతుంది. 1967 నాటి 4 మెగాహెర్ట్జ్‌తో వంద సెకన్లు తీసినా వచ్చేది సుమారు 28,000 రెట్లే. పదో వంతు సమయంలో ఏడు రెట్ల లాభం. గడియారం, గాలి కలిసి ఇచ్చిన కొన్ని సెకన్లలోనే పని ముగించేందుకు ఇది దారి.

దీని వల్ల కొండ మీద ఇంకో చిక్కు వచ్చింది. మామూలు హార్డ్ డిస్కుల్లో హెడ్ సన్నని గాలి పొర మీద తేలుతుంది. 5,000 మీటర్ల ఎత్తున గాలి పలచన కాబట్టి అవి నమ్మదగ్గవి కావు. హీలియం నింపి సీల్ చేసిన డిస్కులు వాడారు. అన్నీ కలిపి డేటా 5 పెటాబైట్ల దరిదాపు, డిస్కుల బరువు అర టన్ను. నెట్‌వర్క్ మీద పంపే పరిమాణం కాదు, విమానాల్లోనే వెళ్ళాయి.

ఆ ఐదు రాత్రులు, ఆ తర్వాత కోరిలేటర్

పది రోజుల విండోలో వాతావరణం అన్ని చోట్లా ఒకేసారి అనుకూలించే రాత్రులను ఎంచుకోవాలి. ఏప్రిల్ 5, 6, 7, 10, 11 తేదీల్లో పరిశీలించారు. ఎం87 వంతు వచ్చింది 5, 6, 10, 11 తేదీల్లో. మొత్తం 8 టెలిస్కోపులు, 6 ప్రదేశాలు. దక్షిణ ధ్రువంలోని టెలిస్కోప్‌కు ఉత్తర ఆకాశంలో ఉన్న ఎం87 ఎప్పుడూ కనిపించదు, కనుక ఎం87కు పనికొచ్చినవి 7 టెలిస్కోపులు, 5 ప్రదేశాలు. ధ్రువం నుంచి 3సీ 279 అనే క్వేసార్ (దూరపు గెలాక్సీలో బాగా మెరిసే కేంద్రం) లాంటివి చూడగలరు. అక్కడి డిస్కులు మాత్రం చలికాలం గడిచి విమానాలు మొదలయ్యాకే బయలుదేరి, డిసెంబర్‌లో చేరాయి.

కోరిలేషన్ రెండు చోట్ల పంచుకున్నారు: అమెరికాలో ఎంఐటీ హేస్టాక్ అబ్జర్వేటరీ, జర్మనీ బాన్‌లో మాక్స్ ప్లాంక్ రేడియో ఆస్ట్రానమీ సంస్థ. ఒక్కో బ్యాండ్ ఒక్కో చోట. గడియారాలు పెట్టిన తేడాలన్నీ బయటపడేది ఇక్కడే.

10,700 కిలోమీటర్ల బేస్‌లైన్ మీద ఒకే తరంగం రెండు స్టేషన్లకు చేరే సమయంలో తేడా గరిష్ఠంగా 36 మిల్లీసెకన్ల వరకు ఉండొచ్చు. భూమి తిరుగుతోంది కాబట్టి ఆ తేడా సెకనుకు ఒకటి రెండు మైక్రోసెకన్ల చొప్పున మారుతూ ఉంటుంది. 230 గిగాహెర్ట్జ్ దగ్గర దీన్ని ఫేజ్‌గా చూస్తే సెకనుకు కొన్ని లక్షల చుట్లు. ఇదంతా భూమి భ్రమణం, స్టేషన్ల స్థానాలు, సూర్యచంద్రుల ఆకర్షణకు నేల ఉబ్బడం లాంటివన్నీ కలిపిన మోడల్‌తో ముందే తీసేస్తారు. తీసేశాక మిగిలేది మోడల్ తప్పు, గాలి, గడియారం.

గడియారం వాటాను పట్టుకోవడానికి ముందు 3సీ 279 లాంటి ప్రకాశవంతమైన సోర్స్ తీసుకుంటారు. జీపీఎస్ రికార్డు ఇచ్చిన తేడా చుట్టూ ఒక విండో పెట్టి, డిలేలోనూ (సమయం తేడా) ఫ్రింజ్ రేటులోనూ (ఫేజ్ తిరిగే వేగం) వెతుకుతారు. శిఖరం కనిపించిందంటే ఆ స్టేషన్ గడియారం ఎంత ముందుందో నానోసెకను లోపు తెలిసిపోతుంది. రెండు గిగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ ఇచ్చే డిలే పదును అర నానోసెకను. రేటు కూడా తెలుస్తుంది: మేసర్ ఫ్రీక్వెన్సీ 10⁻¹³ పక్కకు ఉంటే 230 గిగాహెర్ట్జ్ దగ్గర ఫేజ్ 43 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ విలువలు కోరిలేటర్‌లో పెట్టి మళ్ళీ నడిపితే, బలహీనంగా ఉండే ఎం87 ఫ్రింజ్‌లను ఇరుకైన విండోలో నమ్మకంగా వెతకొచ్చు. విండో ఇరుకుగా ఉంటే నాయిజ్ వల్ల తప్పుడు శిఖరం కనిపించే అవకాశం కూడా తగ్గుతుంది. మేసర్‌ను జీపీఎస్‌తో రోజుల తరబడి పోల్చే ఆ బోరింగ్ లాగ్ ఫైల్ విలువ ఇక్కడే తెలుస్తుంది.

కోరిలేటర్ 0.4 సెకన్లకు ఒక విలువ చొప్పున బయటికి ఇచ్చింది. ఆ తర్వాత గాలి వంతు. ఇక్కడ ఆల్మా అసలు బలం బయటపడింది. ఆల్మా ఉన్న బేస్‌లైన్ల మీద సిగ్నల్ ఎంత బలంగా ఉంటుందంటే, కొన్ని సెకన్లలోనే ఫేజ్ స్పష్టంగా కనిపిస్తుంది. ఆల్మాను రిఫరెన్స్‌గా పెట్టుకుని మిగతా స్టేషన్ల మీద గాలి చేసిన ఊపును సెకన్ల స్థాయిలో కొలిచి తీసేస్తే, మిగిలిన బలహీనమైన బేస్‌లైన్లను నిమిషాల పాటు సగటు తీయొచ్చు. ఆ తీసేసిన దాంట్లో మేసర్ ఊపు కూడా కలిసే పోతుంది. గాలిదెంత, గడియారానిదెంత అని విడదీయాల్సిన పని లేదు. ఈ పనిని మూడు వేర్వేరు సాఫ్ట్‌వేర్ దారుల్లో చేసి ఫలితాలు సరిచూసుకున్నారు. మంచి అలవాటు, ఖరీదైనది కూడా.

మూడు స్టేషన్లు కలిస్తే గడియారం మాయం

ఇక్కడొక ప్రశ్న రావాలి. ఇన్ని దిద్దుబాట్ల తర్వాత, ఫొటోలోని రింగు నిజంగా ఆకాశంలోదేనా, దిద్దుబాట్లలోంచి పుట్టిందా?

జవాబు 1950లలోనే ఇంగ్లండ్‌లోని జోడ్రెల్ బ్యాంక్ అబ్జర్వేటరీలో రోజర్ జెన్నిసన్ చూపించిన క్లోజర్ ఫేజ్‌లో ఉంది. ఒక బేస్‌లైన్ ఫేజ్‌లో రెండు స్టేషన్ల తప్పుల తేడా కలిసి ఉంటుంది. మూడు స్టేషన్లు తీసుకుని, ఒకటి నుంచి రెండు, రెండు నుంచి మూడు, మూడు నుంచి ఒకటి అని మూడు ఫేజ్‌లు కూడితే, ప్రతి స్టేషన్ తప్పూ ఒకసారి కూడికగా, ఒకసారి తీసివేతగా వచ్చి సున్నా అవుతుంది. మేసర్ జరిగినా, కేబుల్ సాగినా, తల మీద మేఘం కదిలినా, అది ఒక్క స్టేషన్‌కు చెందిన తప్పు అయితే ఈ కూడికలోకి రాదు. మిగిలేది సోర్స్ ఆకారం, కొంచెం నాయిజ్.

5 ప్రదేశాల మధ్య బేస్‌లైన్లు 10, స్వతంత్రమైన క్లోజర్ ఫేజ్‌లు 6. అంటే ఫేజ్ సమాచారంలో 60 శాతం గడియారాల ప్రభావం ఏమాత్రం లేని రూపంలో దొరుకుతుంది. స్టేషన్లు పెరిగే కొద్దీ ఈ శాతం పెరుగుతుంది. కొత్త స్టేషన్ చేర్చడం వల్ల వచ్చే లాభం, ఉన్న స్టేషన్‌లో గడియారం మెరుగుపరిస్తే వచ్చే లాభం కంటే ఎందుకు పెద్దదో దీన్ని బట్టే తెలుస్తుంది. ఆంప్లిట్యూడ్‌లకు (సిగ్నల్ బలానికి) కూడా ఇలాంటి లెక్కే, నాలుగు స్టేషన్లతో, భాగహారం రూపంలో ఉంది.

అలాగని గడియారం ఎలా ఉన్నా ఫర్వాలేదని కాదు. క్లోజర్ ఫేజ్ వేయాలంటే ముందు ప్రతి బేస్‌లైన్ మీద సిగ్నల్ నాయిజ్ పైకి తేలాలి. ఆ తేలడానికి పట్టే కొన్ని సెకన్లలో మేసర్ నిలబడాలి. అది దాటాక దాని తప్పును గణితం చూసుకుంటుంది. ఈ హద్దును స్పష్టంగా గీసుకోవడమే ఈ డిజైన్ బలం.

ఆ డేటాతో నాలుగు బృందాలు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా విడివిడిగా ఫొటో తయారు చేస్తే, నలుగురికీ దక్షిణం వైపు ఎక్కువ మెరుపున్న రింగు వచ్చింది. బ్లాక్ హోల్ ద్రవ్యరాశి సూర్యుడికి 650 కోట్ల రెట్లు అని తేలింది.

ఇక్కడి నుంచి గడియారం మీద ఎంత ఖర్చు పెట్టాలి

తర్వాతి అడుగు 345 గిగాహెర్ట్జ్. 2018 అక్టోబర్‌లో చేసిన పరీక్షలో ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర ఫ్రింజ్‌లు వచ్చాయని 2024లో ప్రచురించారు, 19 మైక్రో ఆర్క్‌సెకన్ల పదునుతో. నా లెక్కలో అదే మేసర్ అక్కడ పది సెకన్లకు 0.43 రేడియన్ ఊగుతుంది. నష్టం 4 నుంచి 9 శాతానికి చేరుతుంది. ఇబ్బందే, కానీ పని ఆగదు. ఒక సెకను మీదే 10⁻¹⁵ స్థాయి స్థిరత్వం ఇచ్చే క్రయోజెనిక్ సఫైర్ ఆసిలేటర్లు ఉన్నాయి, వాటితో ఈ నష్టం దాదాపు పోతుంది. ద్రవ హీలియం ఉష్ణోగ్రతల దగ్గర నడిచే ఆ యంత్రాన్ని 5,000 మీటర్ల ఎత్తున ఏళ్ళ తరబడి కాపాడే పని ఎవరు చేస్తారన్నది మాత్రం చిన్న ప్రశ్న కాదు. అదీగాక గాలి అలాగే ఉంటుంది.

భూమి మీది స్టేషన్లకు నేనైతే ముందు డబ్బు పెట్టేది ఒకేసారి రెండు మూడు ఫ్రీక్వెన్సీలు చూసే రిసీవర్ల మీద. కొరియన్ వీఎల్‌బీఐ నెట్‌వర్క్ (వీఎల్‌బీఐ అంటే దూరపు టెలిస్కోపుల రికార్డులను ఇలా కలిపే పద్ధతి) 22, 43, 86, 129 గిగాహెర్ట్జ్‌లను ఒకేసారి చూసి ఈ దారి చూపించింది. నీటి ఆవిరి వల్ల వచ్చే ఆలస్యం ఈ ఫ్రీక్వెన్సీలన్నిటికీ దాదాపు ఒకటే, కాబట్టి 86 దగ్గర కొలిచిన ఫేజ్‌ను నిష్పత్తితో గుణించి పై ఫ్రీక్వెన్సీ నుంచి తీసేయొచ్చు. నిష్పత్తి పూర్ణ సంఖ్య అయితే, ఉదాహరణకు 86కు నాలుగు రెట్లు 344, ఫేజ్ చుట్ల లెక్కలో గందరగోళం కూడా ఉండదు. టైమింగ్ వాళ్ళు గమనించవలసింది ఇంకొకటి ఉంది. రెండు రిసీవర్లూ ఒకే మేసర్ మీద నడుస్తాయి. మేసర్ ఊపు కూడా ఒక ఆలస్యమే, అదీ ఫ్రీక్వెన్సీకి తగ్గట్టే ఫేజ్‌గా మారుతుంది. అంటే గాలిని తీసేసే ఆ తీసివేతలోనే గడియారం తప్పు కూడా పోతుంది. 86 గిగాహెర్ట్జ్ దగ్గర అదే మేసర్ పది సెకన్లకు ఊగేది 0.11 రేడియన్ మాత్రమే, అక్కడ సిగ్నల్ నిలబెట్టడం చాలా సులువు. విడివిడిగా ఉన్న కేబుళ్ళు, మిక్సర్ల తప్పు మాత్రం ఇలా పోదు. రెండు రిసీవర్లకూ రిఫరెన్స్ వెళ్ళే దారిని ఒకే ఉష్ణోగ్రతలో, వీలైనంత ఉమ్మడిగా ఉంచుకోవాలి.

అంతరిక్షంలో లెక్క మారుతుంది. 2011లో రష్యా పంపిన రేడియోఆస్ట్రాన్ టెలిస్కోప్ తనతో పాటు హైడ్రోజన్ మేసర్‌ను తీసుకెళ్ళింది. అది పనిచేసిన గరిష్ఠ ఫ్రీక్వెన్సీ 22 గిగాహెర్ట్జ్. రేపు 230 లేదా 345 గిగాహెర్ట్జ్‌తో రెండు టెలిస్కోపులనూ కక్ష్యలోనే పెడితే మధ్యలో గాలి ఉండదు, కొన్ని సెకన్ల పరిమితి పూర్తిగా గడియారానిదే అవుతుంది. సఫైర్ ఆసిలేటర్ మీద, కాంతి ఫ్రీక్వెన్సీ మీద నడిచే ఆప్టికల్ క్లాక్ మీద పెట్టే ఖర్చు అక్కడ నిజంగా ఫలిస్తుంది.